లాయరమ్మగారి రూనుల చట్టం

ఆవిడ ఏం పని చేసేవారని అంత్యక్రియలు చూసే ఫ్యునరల్ హోమ్ ఆయన అడిగాడు. డెత్ సర్టిఫికెట్‌లో అదొక గడి ఉంటుందట, నింపక తప్పదట. నీలం సూటు వేసుకున్న పొడుగాటి మనిషి. అడిగి, కీబోర్డు మీద వేళ్ళు ఆన్చి, తొందరేం లేదన్నట్టు కూర్చున్నాడు. బల్లకి ఇవతల మేం ముగ్గురం ఉన్నాం: చనిపోయినావిడ భర్త, నేను, మాధవి. వాళ్ళమ్మాయి సియాటిల్ నుంచి వస్తూ ఇంకా విమానంలోనే ఉంది. అంకుల్ మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, “హౌస్‌వైఫ్” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. భార్య పోయిన పెద్దాయన మీద, అదీ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి మీద ఒళ్ళు మండటం తప్పేనని తెలుసు. అయినా మండింది. ఆవిడే ఉండి ఉంటే ఆ మాటకి కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

నిజంగానే నిలబడేవారు. మామూలు కబుర్లు నడుస్తున్నంతసేపూ సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని జంతికలు నములుతూ ఉండేవారా, ఎక్కడో ఒక దగ్గర న్యాయం, అన్యాయం అన్న ప్రశ్న వచ్చేది. అంతే, జంతికల గిన్నె పక్కన పెట్టి లేచేవారు. కుడిచేతి రెండు వేళ్ళు గొంతు దగ్గరికి వెళ్ళి ఏదో సర్దేవి. అక్కడ మంగళసూత్రం తప్ప సర్దడానికేమీ ఉండదు. ఒంగోలు కోర్టులో అన్నేళ్ళు మెడకి కట్టుకున్న తెల్ల బ్యాండు తాలూకు అలవాటు అది. ఫోన్‌లో మాట్లాడుతున్నా అంతే. లైన్లో ఆవిడ కాస్త ఆగారంటే, ఇదిగో ఇప్పుడు లేస్తున్నారని నాకు ఇవతల తెలిసిపోయేది.

అమెరికాలో ఈ మోరిస్‌విల్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్లలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. పెద్దవాళ్ళకి లాయరమ్మగారు, పిల్లలకి లాయర్ ఆంటీ. ఆ పిలుపులో సగం గౌరవం, సగం వెటకారం. “నిజంగా లాయరేనా, లాయరు దగ్గర ఫైళ్ళు మోసేదా?” అని పార్కులో పిల్లాణ్ణి ఉయ్యాల ఊపుతూ ఒకావిడ అంటుంటే నా చెవులారా విన్నాను. అనేవాళ్ళకేం, ఆవిడ నల్లకోటు వేసుకోగా ఇక్కడెవరూ చూడలేదు. అంకుల్‌కి నడివయసు దాటాక ఇక్కడ కంపెనీలో ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చారు. ఆయనది హెచ్ వన్ వీసా, ఆవిడది హెచ్ ఫోర్. డిపెండెంట్ అన్నమాట, ఉద్యోగం చెయ్యకూడదు. తర్వాత తర్వాత హెచ్ ఫోర్ వాళ్ళు కూడా వర్క్ పర్మిట్ తెచ్చుకోవచ్చన్నారు కదా, అప్లై చెయ్యండని నేనే చెప్పాను.

“తెచ్చుకుని ఏం చెయ్యమంటావు? స్టోర్‌లో బిల్లు కొట్టనా?”

“అలా కాదండీ...”

“స్టోర్‌లో చేసేవాళ్ళని తక్కువ చేసి అనడం లేదమ్మాయ్. కానీ నేను లాయర్ని. ఇక్కడి కోర్టులో నిలబడాలంటే మళ్ళీ కాలేజీకి వెళ్ళి, బార్ పరీక్ష రాసి, అప్పటికి నాకు అరవై దాటుతాయి. జడ్జి నన్ను కక్షిదారనుకుంటాడు.” అని తనే పకపకా నవ్వారు.

రూనుల పుస్తకం ఒకటి ఆవిడ జీవితంలోకి రావడానికి కారణం ఏసీ. ఒక శనివారం వాళ్ళింట్లో ఏసీ పాడైంది. నార్త్ కరోలినా ఎండ మన ఒంగోలు ఎండకేం తీసిపోదు. చల్లగా ఉంటుందని నేనే డ్రైవ్ చేసి ఆవిణ్ణి లైబ్రరీకి తీసుకెళ్ళాను. అక్కడ ఆ రోజు, తాతల కాలంలో డెన్మార్క్ నుంచి వచ్చిన కుటుంబమట, రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన పాత లిపుల మీద ప్రసంగం పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళలో సగంమంది మాలాగే చల్లదనం కోసం వచ్చినవాళ్ళే అనుకుంటాను.

ఆయన తెర మీద ఒక పాత పుస్తకం పేజీ చూపించాడు. ఏడు వందల ఏళ్ళ నాటిదట, తోలు కాగితం మీద రాసినది. పేజీ నిండా నిలువు గీతలు, వాటికి అటో ఇటో చిన్న చిన్న కొమ్మలు, పుల్లలు వరసగా పేర్చినట్టు. అవి రూనులు, ఆ ఉత్తరాది దేశాల పాత అక్షరాలు. రాళ్ళ మీద, కర్రల మీద చెక్కడానికి పుట్టిన అక్షరాలు. ఇప్పుడు స్వీడన్ దక్షిణపు కొసన ఉన్న ఒక ప్రాంతం అప్పట్లో డెన్మార్క్ కింద ఉండేదట, అక్కడి చట్టం ఈ పుస్తకం. ఆ కాలానికి పుస్తకాలన్నీ లాటిన్ అక్షరాల్లోకి వచ్చేశాయి. రూనుల్లో పుస్తకం రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా ఎవరో కూర్చుని చట్టమంతా, వారసత్వాలూ కంచెలూ కొట్లాటలూ అన్నీ, మొదటి నుంచి చివరిదాకా పాత అక్షరాల్లోనే రాశారు. ఎందుకలా రాశారో ఎవరూ గట్టిగా చెప్పలేరన్నాడు ప్రొఫెసర్.

నా పక్కన కుర్చీ ఖాళీ అయింది. ఆవిడ లేచి నిలబడ్డారు. వేళ్ళు గొంతు దగ్గరికి వెళ్ళాయి.

“కోర్టుకొచ్చిన రైతుకి ఆ పుస్తకం అర్థమవుతుందా?” అని అడిగారు ఇంగ్లీషులో.

చదవడం కొందరికే వచ్చి ఉండొచ్చు, కానీ అందులో ఉన్నది వాళ్ళింట్లో మాట్లాడుకునే భాషే కాబట్టి పైకి చదివితే అందరికీ అర్థమవుతుంది అన్నాడు ప్రొఫెసర్. ఆవిడ థాంక్యూ చెప్పి కూర్చున్నారు. ప్రసంగం అయ్యేదాకా మళ్ళీ కదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్‌లో నేను ఏసీ పెద్దది చేసి, “ఎలా ఉందండీ?” అన్నాను. ఆవిడ దానికి బదులు ఒంగోలు సంగతి ఒకటి చెప్పారు. ఆవిడ కక్షిదారు ఒక పెద్దాయన, పొలం కేసు. ఏళ్ళ తరబడి తిరిగాక తీర్పు రోజు వచ్చింది. జడ్జిగారు ఇంగ్లీషులో నాలుగు మాటలు చదివి తర్వాతి కేసు పిలిచారు. ఆ పెద్దాయన కండువా చేతిలో పట్టుకుని ఈవిడ వెనకాలే వరండాలోకి వచ్చి, నవ్వుమొహంతో అడిగాడట, “గెలిచామా అమ్మా?” అని.

“ఓడిపోయాం,” అన్నారు లాయరమ్మగారు కార్‌లో, ఆ పెద్దాయనకి చెప్తున్నట్టే. “ఆయన పొలం, ఆయన కేసు. ఆయన ముందే తీర్పు చెప్పారు. గదిలో అందరికీ అర్థమైంది, ఒక్క ఆయనకి తప్ప. ఓడిపోయినందుకు కాదమ్మాయ్, అడగాల్సి వచ్చింది చూడు, దానికి నాకు తల కొట్టేసినట్టయింది.”

ఆ తర్వాతి వారమే రూనులు నేర్చుకోవడం మొదలైంది. ఆ పుస్తకం పేజీల ఫొటోలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయట. లైబ్రరీలో రంగుల్లో ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకున్నారు. పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టుకుని వంటింటి బల్ల మీద చదివేవారు. “ఎవరికీ అక్కర్లేకపోయినా రాశాడు చూడు, ఆ పంతం నాకు నచ్చింది,” అనేవారు. వాడెవడో ఒంగోలువాడే అయ్యుంటాడని కూడా అనేవారు.

కొన్నాళ్ళకి వంటింట్లో డబ్బాల మీద తెలుగు చీటీలు పోయి రూనులు వచ్చాయి. కందిపొడి, కారప్పొడి, కాఫీపొడి, అన్నీ పుల్లల అక్షరాలే. “మా ఇంట్లో కాఫీ కావాలంటే ముందు చదువుకోవాలమ్మా,” అనేవారు అంకుల్, ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూస్తూ. ఆ పుస్తకం చివర్లో ఒక పాట ముక్క ఉంది, స్వరాలతో సహా. పక్కింటి పాప పియానో నేర్చుకుంటుంటే దాన్ని బతిమాలి ఆ స్వరాలు వాయించుకుని, పోపు వేస్తూ అదే కూనిరాగం తీసేవారు. “చట్టమంతా రాసి చివర్న పాట రాశాడంటే వాడు మంచివాడే,” అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు.

ఈలోగా మా అపార్ట్‌మెంట్ల తగాదాలన్నీ ఆ వంటింటి బల్ల దగ్గరికి చేరడం మొదలయ్యాయి. పై ఫ్లోర్ పిల్లలు గెంతుతున్నారని కింద ఫ్లోర్ వాళ్ళు, విజిటర్ పార్కింగ్‌లో రోజూ అదే కారు పెడుతున్నారని ఒకరు, తలుపు ముందు చెప్పుల గుట్ట అని ఇంకొకరు. ఎవరొచ్చినా ముందు గ్లాసుతో మంచినీళ్ళు పెట్టేవారు. “తాగు. ఏ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పు. ఏడుపేమైనా ఉంటే తర్వాత ఏడుద్దువు గాని.” ఎప్పుడూ ఇదే ఆవిడ మొదటి మాట. తర్వాత ఆ స్పైరల్ పుస్తకం తెరిచేవారు. అందులో కంచెల గురించి, పక్కవాడి చేలో పడిన పశువుల గురించి, పట్టు తప్పి ఎగిరిపోయిన తేనెటీగల గురించి ఉంది.

“ఇందులో అపార్ట్‌మెంట్ల గురించి ఎక్కడుంది ఆంటీ?” అని ఒక కుర్రాడు ఎగతాళిగా అడిగాడొకసారి.

“మనుషుల గురించి ఉంది నాయనా. చాలదూ?”

ఇవన్నీ వేడుక సంగతులు. నాకు ఆవిడ లాయరని తెలిసింది మాత్రం నా కేసులో.

నాకు కలశానికి చీర కట్టడం బాగా వచ్చు. మా ఖమ్మంలో మా పిన్ని నేర్పింది. చెంబుకి కర్ర కట్టి, కుచ్చిళ్ళు పోసి, అమ్మవారు నిజంగా పీట మీద కూర్చుందా అన్నట్టు కడతాను, గొప్ప చెప్పుకోవడం కాదు. శ్రావణమాసం వచ్చిందంటే మోరిస్‌విల్‌లో శుక్రవారం శుక్రవారం నాకు ఊపిరాడేది కాదు. ఆ ఏడు మాధవి వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతానికి కూడా నేనే కట్టాను. మాధవిది వరంగల్, నాకంటే చిన్నది, అక్కా అక్కా అంటూ వెంట తిరిగేది. అమ్మవారికి వెయ్యమని తన నగలన్నీ నా చేతికే ఇచ్చింది. వాటిలో వాళ్ళ నానమ్మ మెడలోంచి తీసి ఇచ్చిన సన్న గొలుసు ఒకటి ఉంది. పాత బంగారం.

మర్నాడు పొద్దున అమ్మవారిని కదిపి, చీర విప్పడానికి నేనే వెళ్ళాను. నగలు తీసి పళ్ళెంలో పెట్టి, కాఫీ తాగి వచ్చేశాను. మధ్యాహ్నం ఫోన్.

“అక్కా, ఏం అనుకోకు. నానమ్మ గొలుసు కనబడుతలేదు. నీ పర్సులగిట్ల పడ్డదేమో ఒకపారి చూడరాదు?”

పర్సు చూశాను. నిజంగానే బోర్లించి చూశాను. అందులో ఏం ఉంటుంది, నా బొంద! చూస్తూ ఉండగా తెలిసింది, ఆ పిల్ల నన్ను ఏమడిగిందో.

మాధవి నన్ను దొంగ అనలేదు. ఎవరూ అనలేదు. వాట్సాప్ గ్రూప్‌లో గొలుసు పోయిందని ఒక మెసేజ్ వచ్చింది, దాని కింద వరసగా కన్నీటి బొమ్మలు పెట్టారు. ఆ తర్వాతి శుక్రవారానికి నన్ను ముందే బుక్ చేసుకున్నావిడ ఫోన్ చేసి, “ఈసారి సింపుల్‌గా చేసుకుంటున్నామండీ, చీర అదీ ఏం లేదు,” అంది. సాయంత్రానికి వాళ్ళింట్లో చీర కట్టిన అమ్మవారి ఫొటో గ్రూప్‌లో వచ్చింది, కుచ్చిళ్ళు వంకరగా. ఇండియన్ స్టోర్‌లో నేను ఒక వరసలోకి వెళ్తే చెవులు కొరుక్కుంటున్నవాళ్ళు మాట మార్చేవారు. మా ఆయన, “లైట్ తీస్కో, నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు,” అన్నాడు. ఆయనకేం, ఆయనకి ఆఫీసుంది, నవ్వే మనుషులున్నారు. నాకున్నది ఈ ఊళ్ళో ఈ ఆడవాళ్ళే. వాళ్ళ మధ్య నా మాట పోతే నేను ఎవరింటి గుమ్మం ఎక్కను?

లాయరమ్మగారింటికి వెళ్ళాను. మంచినీళ్ళు పెట్టారు. తాగి, జరిగింది వరసగా చెప్పాను. ఏడుపు మాత్రం తర్వాతిదాకా ఆగలేదు, మధ్యలోనే వచ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు. ప్రశ్నలు వేశారు. గొలుసు ఎవరు వేశారు, పళ్ళెం ఎవరు పట్టుకున్నారు, ఆ గదిలోకి ఎవరెవరు వచ్చారు. నా మీదే అనుమానమా అని నాకు కోపం కూడా వచ్చింది.

అంతా విని, “నువ్వు తియ్యలేదని రుజువు చెయ్యలేవు,” అన్నారు. “జరగనిదానికి రుజువు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏ కోర్టులోనూ రాదు.”

“మరి నా బతుకింతేనా?”

ఆవిడ లేచి నిలబడ్డారు. వేళ్ళు గొంతు దగ్గరికి వెళ్ళాయి. ఆ రూనుల దేశంలో ఇలాంటి నింద పడ్డ మనిషికి ఒక దారి ఉండేదని చెప్పారు. నింద పడ్డవాడు నేను చెయ్యలేదని ప్రమాణం చేస్తాడు. అతనితో పాటు పన్నెండుమంది నిలబడి ప్రమాణం చేస్తారు. వాళ్ళు సాక్షులు కారు. జరిగింది చూశామని చెప్పరు.

“చూడకపోతే ఏమని చెప్తారండీ?”

“ఈ మనిషి మాట శుభ్రం అని చెప్తారు. అంతే. ఆ మాట తప్పని తేలితే వీళ్ళ మాటా దానితోనే పోతుంది. తెలిసి తెలిసి తమ మాటని నీ మాట పక్కన పెట్టాలి.” నా వైపు తిరిగి అడిగారు. “ఉన్నారా నీకు, పన్నెండుమంది?”

మనసులోనే లెక్కపెట్టుకున్నాను. ఒక చేతి వేళ్ళు కూడా పూర్తి కాలేదు. పుట్టింటి వీధిలో అయితే పిలవకుండానే వచ్చేవాళ్ళు. ఇక్కడ పుట్టినరోజులకి వంద మంది వస్తారు, ఫొటోలు దిగుతారు. నా పక్కన నిలబడేవాళ్ళు మాత్రం నాకు తట్టలేదు. గొలుసు పోయిందన్న రోజు కంటే ఆ ప్రశ్న అడిగిన క్షణం నాకు ఎక్కువ భయం వేసింది.

“సరే, చూద్దాం,” అన్నారావిడ, నా మొహం చూసి.

ఆ వారమంతా ఆవిడ గుమ్మం గుమ్మం తిరిగారు. మోకాళ్ళ నొప్పులు, డ్రైవింగ్ రాదు. నడిచే తిరిగారు. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదట, గుమ్మంలోనే నిలబడి ఒక్కటే అడిగేవారట: ఆ అమ్మాయి మాట శుభ్రమేనని నువ్వు నలుగురిలో చెప్తావా? మాకెందుకండీ అన్నవాళ్ళున్నారు, మా ఆయన వద్దన్నారు అన్నవాళ్ళున్నారు. చెప్తానని చెప్పి ఆ రోజు ఫోన్ ఎత్తనివాళ్ళూ ఉన్నారు.

ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కూర్చున్నాం. మాధవి కూడా వచ్చింది, రానంటే లాయరమ్మగారు ఊరుకుంటారా. మూలగా కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నా పక్షాన వచ్చినవాళ్ళని చూస్తే ఏడుగురున్నారు. “పన్నెండు కావాలి కదండీ,” అన్నాను నీరసంగా.

“అది వాళ్ళ ఊళ్ళో. మోరిస్‌విల్‌లో ఏడుగురొచ్చారంటే ఎక్కువే,” అన్నారావిడ.

ప్రమాణం దేని మీద చెయ్యాలన్న దగ్గర చర్చ వచ్చింది. ఒకావిడ పిల్లల మీద ఒట్టేస్తానంది. “పిల్లల్ని కోర్టులోకి లాగొద్దు,” అని లాయరమ్మగారు గట్టిగా కసిరి, స్పైరల్ బైండింగ్ పుస్తకం బల్ల మీద పెట్టారు. కూతురి దగ్గర ఉండటానికి వచ్చిన పెద్దావిడ ఒకరు దాన్ని అనుమానంగా చూసి, “ఇది మన దేవుడేనా తల్లీ?” అన్నారు.

“దేవుడు కాదండీ, చట్టం.”

“అయితే పర్లేదు,” అని ఆవిడే ముందు చెయ్యి పెట్టారు.

నేను తియ్యలేదని నేను చెప్పాను. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి, ఆ పుల్లల అక్షరాల మీద అరచెయ్యి ఆన్చి, లాయరమ్మగారు నేర్పినట్టే అన్నారు. “నేను చూడలేదు. కానీ ఈమె మాట శుభ్రం. నా మాట దీనికి తోడు.” మామూలు ఆడవాళ్ళు, ఒకరి చంకలో పిల్ల, ఒకరికి అవతల పొయ్యి మీద పప్పు. అందరికంటే చివర, ఏడో మనిషిగా, మా పై ఫ్లోర్ సుజాత లేచింది. ఆమె పిల్లల గెంతుల మీద ఆమెకీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. సుజాత పుస్తకం మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా, “ఈవిడ నోరు మంచిది కాదు. చెయ్యి మాత్రం మంచిదే. నా మాట దీనికి తోడు,” అని వెళ్ళి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

“తీర్పు చెప్పండి ఆంటీ,” అని ఎవరో అన్నారు.

“నేను లాయర్ని, జడ్జిని కాదు. చెప్పాల్సింది ఆ అమ్మాయి,” అని మాధవి వైపు తిరిగారు.

“నేనేమన్న అన్ననా ఆంటీ? ఒక్క మాట గూడ అనలే కద.”

“అనకుండా అన్నావు తల్లీ. అందుకే ఇంతమందిమి రావాల్సొచ్చింది.”

మాధవి మొహం ఎర్రబడింది. చాలాసేపు ఫోన్ కవర్ తెరుస్తూ మూస్తూ కూర్చుంది. చివరికి, “వచ్చే ఏడు గూడ చీర నువ్వే కట్టాలె అక్కా,” అంది, నేల చూస్తూ. నా మీద ప్రేమతో అనలేదు, నాకు తెలుసు. అయినా నలుగురిలో అంది. నాకు అది చాలు. మర్నాటి నుంచి స్టోర్‌లో నన్ను చూసి మాట మార్చడం ఆగిపోయింది. నేను మళ్ళీ మనుషుల్లో పడ్డాను.

గొలుసు చలికాలంలో దొరికింది. కలశం కింద పళ్ళెంలో పోసిన బియ్యంలోకి జారిపోయిందది. ఆ బియ్యం ఒక మంచిరోజు చూసి పరమాన్నం వండుకుంటే అయిపోయేది. కానీ మాధవి ఏం చేసింది? అమ్మవారి బియ్యం కలిస్తే ఏడాదంతా ఇంట్లో అన్నానికి లోటుండదని, కొత్తగా కొన్న పెద్ద బియ్యం సంచిలో ఒంపి కలిపేసింది! పాత సంచి అయిపోయి, ఇది విప్పి, అడుగుదాకా వచ్చేసరికి గ్లాసులోకి గొలుసు వచ్చింది. పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద పడబోతే పట్టుకున్నాను. ఇద్దరం గుమ్మంలోనే ఏడ్చాం.

వెంటనే లాయరమ్మగారికి ఫోన్ చేశాను. “దొరికిందండీ! గొలుసు దొరికింది! నేను తియ్యలేదని తేలిపోయింది!”

అవతల కాస్త నిశ్శబ్దం. లేచి నిలబడ్డారని అర్థమైంది.

“నీ కేసు అప్పుడే అయిపోయిందమ్మాయ్. ఇప్పుడు దొరికింది గొలుసు,” అన్నారు. “పొయ్యి మీద చారుంది, ఉంటా.”

దొరికాక నమ్మడం ఎవరైనా చేస్తారు. దొరక్కముందు ఏడుగురు నమ్మారు. ఆ ఏడుగురినీ నాకు సంపాదించి పెట్టింది ఆవిడ. అలాంటి మనిషిని పట్టుకుని అంకుల్ హౌస్‌వైఫ్ అన్నారు.

ఏదో ఒకటి అందామని నేను నోరు తెరిచేలోపల మాధవి అందుకుంది. “నో,” అంది ఆ నీలం సూటాయనతో. “షి వజ్ ఎ లాయర్.”

ఆయన వేళ్ళు ఆగాయి. అంకుల్ కంగారుగా మాధవి చెయ్యి పట్టుకుని తెలుగులో గొంతు తగ్గించారు. “వద్దమ్మా. పని చేసిందని రాస్తే ప్రాబ్లెమ్ అవుతుందేమో. తను హెచ్ ఫోర్ కదా. మన గ్రీన్ కార్డ్ ఇంకా లైన్‌లోనే ఉంది.”

నా కోపమంతా ఎటు పోయిందో. అన్నేళ్ళుగా ప్రతి ఫారంలో భార్య పేరు ఎదురుగా హౌస్‌వైఫ్ అన్న ఒక్క మాటే రాస్తూ వచ్చిన మనిషి. ఆవిడ పోయింది, ఆవిడ వీసా గురించిన భయం మాత్రం ఆయనతోనే ఉండిపోయింది.

నేను ఆ పొడుగాటాయన్ని అడిగాను, ఇండియాలో చేసిన పని రాయొచ్చా, ఇక్కడ లైసెన్స్ లేదు, కాగితాలేమీ మా దగ్గర లేవు అని. ఆయన మెల్లగా చెప్పాడు. ఎక్కడ చేశారన్నది, ఎప్పుడు చేశారన్నది సమస్య కాదు. దేనికీ రుజువులు అడగం. ఆమెని ఎరిగినవాళ్ళు చెప్తే చాలు, ఆ మాటే రాస్తాం.

మాధవీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు క్లబ్‌హౌస్‌లో మూలన కూర్చున్న పిల్ల, ఆ ప్రమాణం విన్నదే గాని తన నోటితో అననిది, ఇప్పుడు ఆ బల్ల మీద అరచెయ్యి ఆన్చింది.

“నేను ఒంగోలు కోర్టు చూడలేదు అంకుల్. కానీ ఆమె లాయరే. నా మాట దీనికి తోడు.”

నేనూ చెయ్యి పెట్టాను. అంకుల్ మా రెండు చేతుల వంకా చూసి, సూటాయనకేసి తిరిగి, “లాయర్,” అన్నారు. “మై వైఫ్ ఈజ్ ఎ లాయర్.”

ఆయన టైప్ చేసి, సరిగ్గా ఉందేమో చూసుకోమని స్క్రీన్ మా వైపు తిప్పాడు. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ ఒక్క మాటా చాలాసేపు చదివారు. తర్వాత నా వైపు తిరిగారు. కన్నీళ్ళలోంచే నవ్వు వస్తోంది ఆయనకి.

“గెలిచామా అమ్మా?”

“గెలిచాం అంకుల్,” అన్నాను.